మా అత్తను ‘అమ్మా’ అంటాడు, నన్ను ‘కువైట్ అమ్మ’ అంటాడు

ప్రశ్న: మాది రాజంపేట దగ్గర పల్లె. బాబుకు ఏడాదిన్నర ఉన్నప్పుడు అప్పులు తీర్చడానికి కువైట్‌లో ఇంటిపనికి పోయాను. నాలుగున్నరేళ్లు చేసి, ఐదు నెలల కింద తిరిగొచ్చేశాను. వాడు మా అత్తను ‘అమ్మా’ అంటాడు, నన్ను ‘కువైట్ అమ్మ’ అంటాడు. మొన్న అరుగు మీంచి పడి మోకాలు గీరుకుపోతే, పక్కనే ఉన్న నన్ను దాటుకొని అవ్వ దగ్గరికి పరిగెత్తాడు. అక్కడ నేను పెంచిన సేటు పాప మాత్రం నేను బయల్దేరే రోజు నా చున్నీ పట్టుకొని వదల్లేదు. నా ఖర్మేమో అనిపిస్తుంది. అవ్వను కొన్నాళ్లు మా ఆడబిడ్డ ఇంటికి పంపిస్తే వీడే దారికొస్తాడని మా ఆయన అంటున్నాడు. తెలిసినావిడ ‘అటాచ్‌మెంట్ థెరపీ’ చేయించమంది. అదేంటి? పిల్లాడిలో ఏదైనా లోపముందా?

జవాబు: అమ్మా, ముందు ఒకటి చెప్తాను. మీ అత్తగారిని ఎక్కడికీ పంపొద్దు. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకుందాం.

మోకాలు గీరుకుపోయినప్పుడు వాడు ఒకరి దగ్గరికి పరిగెత్తాడు. నాకు ఆ ఉత్తరం మొత్తంలో మంచి కబురు అదే. మేము నిజంగా కంగారుపడేది వేరే పిల్లల గురించి. దెబ్బ తగిలినా ఎవరి దగ్గరికీ పోరు, లేదంటే దారినపోయే కొత్త మనిషి ఒళ్లోకైనా ఎక్కేస్తారు. మీవాడికి ఆ రెండూ లేవు. దెబ్బ తగిలితే ఎవరి దగ్గరికి పోవాలో వాడికి తెలుసు. కాకపోతే ఆ మనిషి ఇప్పటికి మీరు కాదు.

మీరడిగిన అటాచ్‌మెంట్ థెరపీ అంటే, బిడ్డకూ పెంచే మనిషికీ మధ్య బంధాన్ని గట్టిపరిచే వైద్యం. దానికి పునాది వేసినవాడు లండన్ డాక్టరు జాన్ బౌల్బీ. ఆయన్ను చిన్నప్పుడు పెంచింది ఒక ఆయా. ఆయనకు నాలుగేళ్లప్పుడు ఆమె పని మానేసి వెళ్లిపోయింది. అది తల్లిని పోగొట్టుకున్నట్టే అనిపించిందని పెద్దయ్యాక కూడా చెప్పుకున్నాడు. మీ అత్తగారిని ఆడబిడ్డ ఇంటికి పంపితే మీవాడికి జరిగేది అదే. ఏడాదిన్నరకు ఒక అమ్మ పోయింది, ఆరేళ్లకు రెండో అమ్మ కూడా పోతుంది.

బౌల్బీతో పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో ఒక సినిమా తీశాడు. ఆసుపత్రిలో ఎనిమిది రోజులు అమ్మకు దూరంగా ఉన్న రెండేళ్ల పాప గురించి. అలాంటి పిల్లల్ని చాలామందిని చూసి వాళ్లు గమనించింది ఇది: ముందు ఏడుస్తారు, తర్వాత దిగాలుగా మూల కూర్చుంటారు, ఆ తర్వాత ఆడుకుంటారు, తింటారు. అందరూ ‘అలవాటు పడిపోయింది’ అనుకుంటారు. తీరా అమ్మ వచ్చాక ముఖం తిప్పుకుంటారు. మీకు కూడా అప్పట్లో ఫోన్లో ‘పది రోజులు ఏడ్చాడు, ఇప్పుడు బాగానే ఉన్నాడు’ అని చెప్పే ఉంటారు. ఆ ‘బాగానే’ కిందే ఇప్పటి దూరం మొదలైంది. అది లోపం కాదు, ఖర్మ అంతకంటే కాదు.

ఇక ఆ చున్నీ పట్టుకున్న పాప. ఆ పిల్ల మీకెందుకు అతుక్కుపోయిందో ఆలోచించండి. రోజూ స్నానం చేయించారు, తినిపించారు, ఏడిస్తే ఎత్తుకున్నారు. ‘నన్ను అమ్మా అని పిలువు’ అని మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఇక్కడ మీవాణ్ని మొదటి రోజు నుంచే అడుగుతున్నారు. వాడికేమో మీరు నాలుగున్నరేళ్లు ఫోన్లో కనిపించిన మనిషి. అక్కడ చేసిన పనే ఇక్కడా చెయ్యండి, అక్కడిలాగే ఏమీ అడక్కుండా. ఆ పాపను వదిలొచ్చిన బాధ కూడా మీకుంది కదా? పరాయి బిడ్డ కోసం ఏడిస్తే ఇంట్లో ఏమనుకుంటారోనని మింగేసి ఉంటారు.

థెరపీ అంటే పిల్లాణ్ని లోపలికి పంపి, మీరు బయట బెంచీ మీద కూర్చోవడం కాదు. ఈ వయసు పిల్లలకు తల్లీబిడ్డల్ని కలిపే కూర్చోబెడతారు, సాధారణంగా వారానికో గంట. బొమ్మలుంటాయి. ఇలాంటి పిల్లలు బొమ్మ విమానాన్ని పదేపదే ఎగరేసి దించకుండా ఆడటం నేను చూశాను. అప్పుడు తల్లి ‘నేను వచ్చేశాను కదరా’ అని ఏడవకుండా ‘విమానం దూరం పోయిందే, పాపం కింద బాబు ఎదురుచూస్తున్నాడు’ అనగలగాలి. నేర్పేది ఎక్కువగా తల్లికే. కొందరు ఆటను వీడియో తీసి, బిడ్డ మీ వైపు చూసిన ఆ రెండు సెకన్లను మీకే చూపిస్తారు. కాస్త పెద్ద పిల్లలైతే ముందు విడివిడిగా మాట్లాడి, తర్వాత ఎదురెదురుగా కూర్చోబెడతారు. ‘నాకు జ్వరమొచ్చినప్పుడు నువ్వు లేవు’ అని బిడ్డ అంటే, ‘అప్పులుండినాయి’ అని సర్దిచెప్పకుండా వినడమే తల్లిదండ్రుల పని. చెప్పినంత తేలిక కాదది. పెద్దవాళ్లకూ, భార్యాభర్తలకూ కూడా ఇదే చెట్టు కొమ్మల్లాంటి వైద్యాలున్నాయి.

ఒక హెచ్చరిక. ఇదే పేరు చెప్పి, పిల్లాణ్ని గట్టిగా అదిమి పట్టుకుని లొంగేదాకా వదలొద్దు అనేవాళ్లుంటే వెంటనే లేచి వచ్చేయండి. 2000లో అమెరికాలోని కొలరాడోలో ‘మళ్లీ పుట్టించే’ చికిత్స అని పదేళ్ల పిల్లను దుప్పట్లో చుట్టి అదిమితే, ఊపిరాడక చనిపోయింది. మరుసటేడు అక్కడ ఆ పద్ధతిని నిషేధించారు. ఎవరి దగ్గరికి వెళ్లినా ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టేనా అని అడగండి. దారి తెలియకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. బడిలో నోరు విప్పకపోయినా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా ఆలస్యం చెయ్యొద్దు.

ఇంట్లో అయితే అవ్వ గుండానే రండి. ఈసారి మోకాలు గీరుకుంటే అవ్వ ఊదుతుంది, మీరు నీళ్ల చెంబు పట్టుకోండి. ఆమె ముద్ద కలిపితే మీరు పక్కన కూర్చోండి. ‘కువైట్ అమ్మ’ అంటే దిద్దకండి. చుట్టాల ముందు ‘అవ్వ ఇష్టమా, అమ్మ ఇష్టమా’ అని అడిగే సరదా మీ ఆయనతో సహా అందరూ మానెయ్యాలి. సంతకు పోయినా ‘చీకటి పడేలోపు వస్తా’ అని చెప్పి పోండి, చీకటి పడేలోపే రండి. ఆ పెద్ద సూట్‌కేసు ఇంకా నట్టింట్లోనే ఉంటే అటకెక్కించండి. వాడు పడుకునేటప్పుడు ‘అప్పులుండి పోయాను, నువ్వు అల్లరి చేశావని కాదు’ అని చెప్పండి. తమ వల్లే అమ్మ పోయిందనుకునే పిల్లలు చాలామంది.

మళ్లీ కువైట్ పోయే ఆలోచన ఉందో లేదో మీరు రాయలేదు. థెరపీకి వెళ్తే మొదట అడిగేది అదే. మీరూ, మీ ఆయనా కూర్చుని ముందు అది తేల్చుకోండి. పోవాల్సే వస్తే, వాడు నిద్రపోతున్నప్పుడు మాత్రం బయల్దేరకండి.