"పిల్లల కథే కదండీ" అన్న అబ్బాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కవరు అంది పది రోజులైంది. కథ రెండుసార్లు చదివాను. దానితో పెట్టిన ఉత్తరం నాలుగుసార్లు చదివాను, కోపంతో. "ఇది పిల్లల కథే కదండీ, ఖాళీ దొరికినప్పుడు రాసేశాను, నా అసలు టార్గెట్ సినిమా" అన్నావు. ఆ "కథే కదండీ" దగ్గర నాకు ఒళ్లు మండింది.

సత్యజిత్ రాయ్ అంటే ప్రాణమని కూడా రాశావు. మరి ఆయన సినిమాలోకి ఏ దారిన వచ్చాడో ఎప్పుడైనా చూశావా? శాంతినికేతన్‌లో బొమ్మలు నేర్చుకుని, 1943లో కలకత్తాలో ఒక యాడ్ కంపెనీలో ఆర్టిస్టుగా చేరాడు. ఆ ఉద్యోగం చేస్తూనే సిగ్నెట్ ప్రెస్‌ పుస్తకాలకు అట్టలు వేసేవాడు. వాళ్లు 'పథేర్ పాంచాలి' నవలను పిల్లల కోసం కుదించి వేస్తూ బొమ్మల పని ఈయనకిచ్చారు. అవి గీస్తున్నప్పుడే ఇది సినిమా అవుతుందని ఆయనకు తోచింది. 1955లో ప్రపంచం చూసిన ఆ సినిమాకి విత్తనం పిల్లల పుస్తకంలో పడింది, నాయనా.

పేరొచ్చాకైనా వదిలేశాడా? తాత ఉపేంద్రకిశోర్ 1913లో పెట్టిన పిల్లల పత్రిక 'సందేశ్' ఆగిపోయి ఉంటే, 1961లో మళ్లీ నిలబెట్టాడు. అప్పటికి 'పథేర్ పాంచాలి', దాని తరువాయి రెండూ కలిపి అపూ అనే కుర్రాడి సినిమాలు మూడూ వచ్చేశాయి. అయినా కూర్చుని దానికి కథలు రాశాడు, బొమ్మలేశాడు. ఆయన కథల్లోని శాస్త్రవేత్త ప్రొఫెసర్ శంకు, డిటెక్టివ్ ఫేలూదా పుట్టింది అందులోనే. తాత రాసిన గూపీ, బాఘాల కథనే 1969లో సినిమా తీశాడు. పాటలూ ఆయనే రాశాడు, బాణీలూ ఆయనే కట్టాడు.

తండ్రి సుకుమార్ మాట చెప్పకుండా ఉండలేను. మిత్రులను పోగేసి నాటికలు రాసి ఆడించినవాడు. కాలాజ్వరంతో రెండేళ్లకు పైగా మంచం పట్టి, ఆ మంచం మీదే తన పిల్లల గేయాల పుస్తకానికి బొమ్మలూ, పేజీల అమరికా చూసుకున్నాడు. 1923లో పోయాడు, పుస్తకం అచ్చయి చేతికి రాకముందే. అప్పటికి కొడుక్కి రెండేళ్లు. ఖాళీ దొరికినప్పుడు చేసే పనా అది?

మన పత్రికల్లో మాత్రం వ్యాపార ప్రకటన వచ్చిందంటే ముందు ఎగిరిపోయేది పిల్లల పేజీయే. నా ఇరవై రెండో ఏట ఒక పత్రికకు మామిడికాయల దొంగ కథ పంపాను. ఎడిటరు గారు నన్ను అడగకుండా చివర నాలుగు వాక్యాల నీతి తగిలించారు. అచ్చులో చూసుకుని మురిసిపోతూ మా అక్క కూతురికి చదివి వినిపించాను. "చివరిది నువ్వు రాయలేదు కదా మామయ్యా?" అంది. ఏడేళ్ల పిల్ల! ఆ రోజు నుంచి నేను ఏ కథకూ నీతి రాయలేదు. అందుకు మూడు పత్రికలు నన్ను దూరం పెట్టాయి, పెట్టనీ.

నీ కథకూ నువ్వే తగిలించుకున్నావు ఆ తోక. ఎవరూ అడక్కుండానే!

నా నమ్మకం ఒకటుంది, ఎవరేమన్నా మార్చుకోను. గీయలేనిది రాయకూడదు. బొమ్మ బాగుండక్కర్లేదు, కానీ ఏది ఎక్కడుందో నీకు కనపడాలి. రాయ్ తన సినిమాల షాట్లు గీసుకున్నది కొట్లో లెక్కలు రాసే ఎర్రగుడ్డ అట్ట ఖాతా పుస్తకాల్లో. రచన, బొమ్మ, నాటకం, సినిమా వేరువేరు ఉద్యోగాలనుకుని ఏది ఎంచుకోవాలని అడుగుతున్నావు. ఆయనకు అన్నీ ఆ ఖాతాలోనే ఉండేవి.

నీ కథలో ఒక్కచోట నాకు గొంతు పట్టేసింది. టీచరు తిడుతుంటే ఆ పిల్ల గౌను జేబులో చెయ్యిపెట్టి చింతగింజలు లెక్కపెట్టుకుంటుంది చూడు, అక్కడ. పదకొండు దగ్గర లెక్క తప్పి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. అది నువ్వు చూసి రాసిందే.

చివరి పేరా కొట్టెయ్. గింజలు గుప్పిట్లో ఉండగానే ఆపు. మళ్లీ పంపేటప్పుడు ఆ గౌను బొమ్మ గీసి పంపించు. జేబు కుడివైపా, ఎడమవైపా? నువ్వు రాయలేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు