ఒక్కోసారి మాత్రమే కూలిపోయే డ్రైవర్

ప్రశ్న: అభ్యాసం కోసం లినక్స్‌లో ఒక వర్చువల్ నెట్‌వర్క్ డ్రైవర్ రాస్తున్నాను. మాడ్యూల్‌ను లోడ్ చేసినప్పుడు ఒక్కోసారి ఓపెన్ ఫంక్షన్‌లో నల్ పాయింటర్ దోషం వచ్చి కెర్నల్ ఆగిపోతోంది. కారణం తెలుసుకోవడానికి ఆ ఫంక్షన్ మొదట్లోనే ప్రింట్‌కే (కెర్నల్ లాగ్‌లో సందేశం రాసే పిలుపు) చేర్చితే దోషం మాయమవుతోంది. ఎక్కడ వెతకాలి?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి

జవాబు: మీ దోషం మాయం కాలేదు, దాక్కుంది. ప్రింట్‌కే వల్ల ఓపెన్ కాస్త ఆలస్యమై, ఆలోగా పరికరాన్ని సిద్ధం చేసే ప్రోబ్ ఫంక్షన్ తన మిగతా పని ముగించుకుంటోందని నా అనుమానం. ప్రోబ్‌లో రిజిస్టర్_నెట్‌డెవ్ తరువాత ఏ పనులు మిగిలాయో ముందు చూడండి. పేరు చూసి అది నమోదు మాత్రమే అనుకుంటాము గాని, పరికరం వ్యవస్థకు కనిపించేది ఆ క్షణం నుంచే. అదుపు మీ ప్రోబ్‌కు తిరిగి రాకముందే నెట్‌వర్క్‌మేనేజర్ వంటి ప్రోగ్రామ్ ఆ ఇంటర్‌ఫేస్‌ను పైకి తేవచ్చు, అంటే మరో సీపీయూ మీద మీ ఓపెన్ నడవవచ్చు. కాబట్టి క్యూల మెమరీ, లాకులు, టైమర్లు, నాపి (ప్యాకెట్లను గుంపుగా అందుకునే కెర్నల్ పద్ధతి) చేర్పు అన్నీ అంతకుముందే పూర్తి కావాలి.

అనుమానాన్ని రుజువు చేసుకోవడానికి, రిజిస్టర్_నెట్‌డెవ్ పిలుపు ముగిసిన వెంటనే 2 సెకన్ల ఎమ్‌స్లీప్ (ఆలస్యం) పెట్టి, మరో టెర్మినల్ నుంచి ఐపీ లింక్ ఆదేశంతో ఇంటర్‌ఫేస్‌ను పదేపదే పైకి తేవడానికి ప్రయత్నించండి. ప్రతిసారీ కూలితే కారణం దొరికినట్టే. ఇనిట్‌కాల్_డీబగ్ అనే బూట్ ఎంపిక ఇక్కడ అక్కరకు రాదు. అది డ్రైవర్ల మధ్య వరుసను చూపుతుందే తప్ప ఒకే ప్రోబ్ లోపలి వరుసను చూపదు. అందుకు కెర్నల్ ఫంక్షన్ల పిలుపులను నమోదు చేసే ఎఫ్‌ట్రేస్ సాధనంలోని ఫంక్షన్_గ్రాఫ్ కావాలి.

ఇది కొత్తగా నేర్చుకునేవారే చేసే పొరపాటు కాదు. వర్చువల్ పరికరాల కోసం ఉన్న వర్టియో ప్రమాణం ప్రకారం, తాను సిద్ధమని చెప్పే డ్రైవర్_ఓకే బిట్ పెట్టకముందు డ్రైవర్ పరికరాన్ని వాడకూడదు. అయినా కెర్నల్‌లోని వర్టియో_నెట్ డ్రైవర్ చాలాకాలం ముందు నమోదు చేసి, తరువాతే ఆ బిట్ పెట్టేది. 2022లో దీన్ని సరిదిద్దినప్పుడు వరుసను మార్చలేదు; ఆర్‌టీఎన్‌ఎల్ లాకు (నెట్‌వర్క్ అమరికల మార్పులను కాపాడే లాకు) పట్టుకొని, ఆ లాకును తానుగా పట్టుకోని నమోదు ఫంక్షన్ రిజిస్టర్_నెట్‌డివైస్‌నూ బిట్ పెట్టే పనినీ దాని లోపలే ఉంచారు. ఓపెన్‌కు కూడా అదే లాకు అవసరం గనుక మధ్యలో దూరలేదు. ఈ పద్ధతినే మీరు అనుసరిస్తే, లాకు లోపల రిజిస్టర్_నెట్‌డెవ్‌ను పిలవకండి. అది అదే లాకును మళ్లీ అడిగి శాశ్వతంగా ఆగిపోతుంది.

మాడ్యూల్‌ను తీసేసేటప్పుడు అన్‌రిజిస్టర్_నెట్‌డెవ్ ముందు, మెమరీ విడుదల తరువాత.