బరువైన బుల్లెట్‌కు బ్యారెల్ ఒప్పుకోవాలి

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: నేను మోంటానాలో ఉంటున్నాను. ఒక పశువుల క్షేత్రం యజమాని అనుమతితో, అక్కడి పచ్చికను తినేసి నేలంతా బొరియలు చేస్తున్న ప్రెయిరీ డాగ్‌లను (ఉడుత జాతి చిన్న జంతువులను) .223 రెమింగ్టన్ రైఫిల్‌తో కాలుస్తుంటాను. 55 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువును కొలిచే చిన్న కొలత) బుల్లెట్‌తో 250 గజాల వరకు ఇబ్బంది లేదు. 400 గజాలు దాటితే మాత్రం ఏ కొంచెం గాలి వీచినా గురి చెదిరిపోతోంది. బరువైన బుల్లెట్ గాలికి తట్టుకుంటుందని విని 80 గ్రెయిన్లవి తెచ్చి 100 గజాల్లో కాగితం మీద కాల్చి చూశాను. గ్రూపు (గుండ్లన్నీ ఒకే చోట పడడం) సంగతి దేవుడెరుగు, రంధ్రాలే పొడుగ్గా పడ్డాయి. లోపం బుల్లెట్‌లో ఉందా, రైఫిల్‌లో ఉందా, నాలో ఉందా?

జవాబు: లోపం మీలో లేదు, బుల్లెట్‌లోనూ లేదు. బుల్లెట్‌కూ మీ రైఫిల్ బ్యారెల్‌కూ జత కుదరలేదు, అంతే. పొడుగ్గా పడిన ఆ రంధ్రం, బుల్లెట్ ముక్కు ముందుకు పెట్టి పోకుండా గాలిలో పల్టీలు కొడుతూ వెళ్లి కాగితానికి అడ్డంగా తగిలిందనడానికి గుర్తు. దీన్నే షూటర్లు కీహోల్ అంటారు. బ్యారెల్ లోపలి గాడులు బుల్లెట్‌కు చాలినంత తిరుగుడు ఇవ్వనప్పుడు ఇలా జరుగుతుంది.

మీ బ్యారెల్ ట్విస్ట్, అంటే గాడులు ఒక చుట్టు తిరగడానికి పట్టే పొడవు, ఎంతో ఉత్తరంలో రాయలేదు. ఈ అంకె ఎంత తగ్గితే తిరుగుడు అంత ఎక్కువ. అయితే పాత .223 బోల్ట్ రైఫిళ్లలో చాలావాటికి 12 అంగుళాలకు ఒక చుట్టు ఉంటుంది కనుక మీదీ అదే అయివుండవచ్చు. ఊహతో పని లేదు, కొలిచి చూడండి. రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, బోల్ట్ తీసేసి, పిడి దగ్గర స్వేచ్ఛగా తిరిగే శుభ్రపరిచే కడ్డీకి బిగుతైన గుడ్డముక్క తొడిగి లోపలికి తోయండి. గుడ్డ గాడులను పట్టుకున్నాక కడ్డీ పైభాగాన పెన్నుతో ఒక గీత పెట్టి, బ్యారెల్ అంచు ఎక్కడుందో కూడా గుర్తు పెట్టుకుని, నెమ్మదిగా తోస్తూ ఉంటే కడ్డీ తిరుగుతుంది. గీత ఒక చుట్టు పూర్తిచేసి మళ్లీ పైకి వచ్చేసరికి కడ్డీ ఎన్ని అంగుళాలు లోపలికి వెళ్లిందో అదే మీ ట్విస్ట్. రెండు మూడుసార్లు కొలిచి సరిచూసుకోవడం మంచిది, ఎందుకంటే గుడ్డ జారితే లెక్క తప్పుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. తిరుగుడు ఎంత కావాలో ప్రధానంగా నిర్ణయించేది బుల్లెట్ బరువు కాదు, దాని పొడవు. వ్యాసం మారకుండా బరువు పెరగాలంటే పొడవు పెరగక తప్పదు కాబట్టి మనం బరువు పేరుతో మాట్లాడుకుంటాం. ఇంగ్లండ్‌లోని వూల్విచ్‌లో గణితం బోధించిన ఆల్ఫ్రెడ్ జార్జ్ గ్రీన్‌హిల్ 1879లో ఇచ్చిన సూత్రం ప్రకారం, బుల్లెట్ వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని వర్గం చేసి, 150తో గుణించి, పొడవుతో భాగిస్తే కావలసిన ట్విస్ట్ వస్తుంది. వేగం సెకనుకు 2,800 అడుగులు దాటితే 150కి బదులు 180 వాడతారు. మీ బుల్లెట్‌కు (పేరు .223 అయినా అసలు వ్యాసం .224 అంగుళాలు) భాగించే ముందు వచ్చే అంకె ఎప్పుడూ మారదు గనుక లెక్క సులువు: వేగమైన బుల్లెట్ అయితే 9ని, నెమ్మదైనదైతే ఏడున్నరను పొడవుతో భాగించండి. ముప్పాతిక అంగుళం పొడవుండే 55 గ్రెయిన్ల బుల్లెట్‌కు సరిగ్గా 12 వస్తుంది. అంగుళం దాటిన 80 గ్రెయిన్ల బుల్లెట్‌కు దాదాపు 7 వస్తుంది. ఈ సూత్రం కాస్త అతిజాగ్రత్త గలది, ఆచరణలో 80 గ్రెయిన్లకు 8 అంగుళాల ట్విస్ట్ చాలు. కానీ 12తో మాత్రం ఎన్నటికీ కుదరదు.

9 అంగుళాల ట్విస్ట్ గల బ్యారెల్‌లో 75 గ్రెయిన్లు పెట్టడం సరిహద్దు మీద నడవడమే. నా దగ్గర అలాంటి రైఫిల్ ఒకటి ఉండేది. ఆగస్టులో ముచ్చటగా కాల్చినది జనవరి చలికి గ్రూపులు విప్పేసింది. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది, బుల్లెట్‌ను నిలబెట్టడానికి ఎక్కువ తిరుగుడు అడుగుతుంది. ఎత్తైన ప్రదేశాల్లో గాలి పలచన కాబట్టి అక్కడ కొంత ఊరట దొరుకుతుంది.

ఇక మీ అసలు బాధ అయిన గాలి సంగతి. పక్కగాలికి బుల్లెట్ ఎంత జరుగుతుందన్నది అది గాలిలో ఎంతసేపు ఉందన్నదాన్ని బట్టి ఉండదు, దారిలో ఎంత ఆలస్యమైందన్నదాన్ని బట్టి ఉంటుంది. వేగం ఏమాత్రం తగ్గకపోతే పట్టే కాలానికీ నిజంగా పట్టిన కాలానికీ ఉన్న తేడాను గాలి వేగంతో గుణిస్తే జరుగుబాటు వస్తుంది. సెకనుకు 3,240 అడుగుల వేగంతో బయలుదేరే, జీ1 బాలిస్టిక్ కోఎఫిషియెంట్ (గాలి అడ్డును బుల్లెట్ ఎంత బాగా తట్టుకుంటుందో చెప్పే అంకె, ఎక్కువైతే మేలు) 0.255 గల 55 గ్రెయిన్ల బుల్లెట్‌నూ, 2,790 అడుగులతో బయలుదేరే, 0.435 గల 75 గ్రెయిన్ల బుల్లెట్‌నూ పక్కపక్కన పెట్టి లెక్క వేశాను. 500 గజాలకు రెండూ సుమారు 0.67 సెకన్లలోనే చేరుతున్నాయి! కానీ మొదటిది దారిలో 0.21 సెకన్లు పోగొట్టుకుంటే రెండోది 0.13 మాత్రమే పోగొట్టుకుంటుంది. గంటకు 10 మైళ్ల పక్కగాలిలో మొదటిది సుమారు 37 అంగుళాలు, రెండోది 23 అంగుళాలు జరుగుతాయి. 200 గజాల దగ్గర ఈ తేడా అంగుళంన్నరకు మించదు. అందుకే 300 గజాల లోపల కాల్చేవారికి బరువైన బుల్లెట్ కొనమని నేను చెప్పను. అక్కడ 50, 55 గ్రెయిన్లదే మేలు. చదునుగా పోతుంది, జంతువును తాకగానే ముక్కలవుతుంది.

ఆ ముక్కలవడాన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు. బరువైన .224 బుల్లెట్లలో ఎక్కువ భాగం లక్ష్యపు పోటీల కోసం చేసినవి. వాటి ముక్కున ఉన్న చిన్న రంధ్రం తయారీలో మిగిలేదే గానీ విచ్చుకోవడానికి పెట్టింది కాదు. వేగం తగ్గిన దూరంలో అవి చిన్న జంతువులోంచి చెక్కుచెదరకుండా దూసుకుపోయి, రాతినేల తగిలితే ఎగిరి ఇంకెక్కడికో పోతాయి. జంతువు కూడా వెంటనే చావక యాతన పడవచ్చు. కాబట్టి బరువైనవాటిలో ప్లాస్టిక్ మొన గలవి చూడండి, ఆ దూరంలో మిగిలే వేగానికి అవి విచ్చుకుంటాయో లేదో తయారీదారు ఇచ్చిన వివరాలు చదవండి, లక్ష్యం వెనుక మట్టిదిబ్బ లేకపోతే కాల్చకండి.

మీకు నా సలహా: ప్రస్తుత బ్యారెల్ ట్విస్ట్ 12 అంగుళాలైతే 55తోనే ఉండి, దూరాన్ని 300 గజాలకు పరిమితం చేసుకోండి. 500 గజాలే కావాలంటే 8 అంగుళాల ట్విస్ట్‌తో బ్యారెల్ మార్పించుకుని 75 గ్రెయిన్ల దగ్గర మొదలుపెట్టండి. మరొక చిక్కు, పొడుగు బుల్లెట్‌తో తూటా మొత్తం పొడవు 2.26 అంగుళాలు దాటితే మ్యాగజీన్‌లో పట్టకపోవచ్చు. 80 గ్రెయిన్లవి సాధారణంగా ఒక్కొక్కటిగా చేత్తో బ్యారెల్ వెనుకనున్న గదిలో (ఛాంబర్‌లో) పెట్టి కాల్చవలసినవే. కొత్త బ్యారెల్‌లో పలచని తొడుగు గల పాత తరహా తేలిక బుల్లెట్లు వాడకండి. 3,240 అడుగుల వేగం, 8 అంగుళాల ట్విస్ట్ అంటే నిమిషానికి రెండు లక్షల తొంభై వేల చుట్లు, అలాంటి కొన్ని బుల్లెట్లు ఆ తిరుగుడుకు గాలిలోనే విడిపోతాయి.

ప్రశ్న: ఇంత తంటా ఎందుకు, కాస్త లావైన 6 మిల్లీమీటర్ల బుల్లెట్ కాల్చే రైఫిల్ తీసుకుంటే పోదా?

జవాబు: గాలి ఒక్కటే ప్రశ్నయితే పోతుంది. కానీ కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నే తన్ను పెరిగి, బుల్లెట్ ఎక్కడ తగిలిందో స్కోపులో మీరే చూసుకునే అవకాశం తగ్గుతుంది, రోజుకు వందల తూటాలు కాల్చేవారికి బ్యారెల్ వేడీ, అరుగుదలా కూడా ఎక్కువ. ఆ తగిలిన చోటు చూసి తరువాతి గుండు సవరించుకోవడమే ఈ వేటలో సగం విద్య కనుక, నేను .224తోనే ఉన్నాను.

ప్రశ్న: కాలిఫోర్నియాలో నేల ఉడుతలకు సీసం లేని బుల్లెట్ తప్పనిసరి కదా. అదే బరువుకు మారితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. 2019 జూలై 1 నుంచి ఆ రాష్ట్రంలో తుపాకీతో ఏ వన్యప్రాణిని కాల్చినా సీసం లేని మందుగుండే వాడాలి. సీసం సాంద్రత 11.3 అయితే రాగిది దాదాపు 9 మాత్రమే. అదే బరువుకు రాగి బుల్లెట్ పొడుగవుతుంది, పొడుగైతే ఎక్కువ తిరుగుడు అడుగుతుంది. 55 గ్రెయిన్ల సీసపు బుల్లెట్‌ను చక్కగా కాల్చే 12 అంగుళాల ట్విస్ట్ బ్యారెల్ అదే బరువున్న రాగి బుల్లెట్‌ను కీహోల్ చేయవచ్చు. పెట్టె మీద రాసిన కనీస ట్విస్ట్ చూసి, మీ బ్యారెల్ ట్విస్ట్ 12 అంగుళాలైతే ఇంకా తేలికైన, పొట్టి బుల్లెట్‌తో కాగితం మీద మొదలుపెట్టండి.