వారంటీలో చెప్పిన కుదుపు, గడువు దాటాక పాడైన గేర్‌బాక్స్

ప్రశ్న: 2018 ఆగస్టులో తొమ్మిది లక్షల రూపాయలకు ఒక ఆటోమేటిక్ సెడాన్ కారు కొన్నాను. మా పాప పుట్టిన నెలలోనే ఇంటికి వచ్చిన కారు కావడంతో ఇంట్లో మనిషిలాగే చూసుకున్నాం. కంపెనీ వారంటీకి తోడు, అదనంగా డబ్బు కట్టి, ఐదేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు, ఏది ముందైతే అది అన్న షరతుతో పొడిగింపు వారంటీ తీసుకున్నాను. 2022 చివరి నుంచి గేరు మారేటప్పుడు కుదుపు వచ్చేది. సర్వీసు సెంటర్‌లో ఆరుసార్లు చెబితే ‘ఈ మోడల్‌కు అది మామూలే’ అన్నారు. 2024 మేలో నాన్నగారిని ఆసుపత్రికి తీసుకువెళ్తుండగా కారు నడిరోడ్డు మీద ఆగిపోయింది. గేర్‌బాక్స్ మొత్తం మార్చాలనీ, రెండు లక్షలకు పైగా అవుతుందనీ, వారంటీ ముగిసింది కనుక తమకు బాధ్యత లేదనీ జూన్ 10న ఈమెయిల్ పంపారు. అప్పటినుంచి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. కారు ఇంటిముందే ఆగి ఉంది. కొత్త కారు ఇప్పించుకోవచ్చా? సర్వీసు సెంటర్‌లో తెలిసిన ఉద్యోగి ఒకరు వారంటీ నాటి తేదీతో జాబ్‌కార్డు (బండిని సర్వీసుకు ఇచ్చినప్పుడు మన ఫిర్యాదులు రాసుకునే పత్రం) తయారుచేసి ఇస్తానంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: చివరి ప్రశ్నకు ముందు సమాధానం చెబుతాను. ఆ కాగితాన్ని చేత్తో కూడా తాకకండి. అలా తయారుచేయడం భారతీయ న్యాయ సంహిత 336వ సెక్షన్ కింద ఫోర్జరీ. దొంగపత్రమని తెలిసి దాన్ని అసలైనదిగా వాడుకోవడం 340వ సెక్షన్ కింద నేరం. తయారుచేసింది ఆయనే అయినా, ప్రమాణపత్రంతో జతచేసి వినియోగదారుల కమిషన్ ముందు పెట్టేది మీరు. జాబ్‌కార్డులకు వరుస సంఖ్యలు ఉంటాయి, ప్రతిదానిలోనూ ఓడోమీటర్ రీడింగ్ ఉంటుంది, కంపెనీ తన కంప్యూటర్ రికార్డు తెచ్చిన రోజునే ఆ కాగితం దొంగదని తేలుతుంది, దానితోపాటు మీ నిజమైన కాగితాలను కూడా ఎవరూ నమ్మరు.

పైగా మీకు ఆ అవసరమే లేదు. మీరు పంపిన ప్రతులలో 2023 జూలై నాటి జాబ్‌కార్డు ఒకటి ఉంది. అందులో వినియోగదారు ఫిర్యాదు అన్న గడిలో ‘గేర్ షిఫ్ట్ జర్క్’ అని రాసి ఉంది, రీడింగ్ 91,400 కిలోమీటర్లు. అప్పటికి ఐదేళ్లూ నిండలేదు, లక్ష కిలోమీటర్లూ దాటలేదు. మీ కేసు అంతా ఈ ఒక్క వరుస మీద నిలబడుతుంది. కారు ఆగిపోయిన రోజు వారంటీ ఉందా అన్నది ఇక్కడ ప్రధానం కాదు. లోపాన్ని వారంటీ ఉండగానే వారి దృష్టికి తెచ్చారా, తెచ్చినప్పుడు వారు సరిచేశారా అన్నదే తేల్చవలసిన విషయం. వారంటీలో చెప్పిన లోపాన్ని పట్టించుకోకుండా గడువు దాటనిచ్చి, ఆ తరువాత గడువునే సాకుగా చూపడం సేవాలోపం అవుతుందని మీరు వాదించవచ్చు.

మిగిలిన ఐదుసార్లు మీరు నోటిమాటగా చెప్పి వచ్చారు. అవి జరిగాయని నేను నమ్ముతాను, కమిషన్ నమ్మవలసిన పని లేదు. అంతకంటే ఘోరం, ఇదే జూలై జాబ్‌కార్డు అడుగున ‘పని సంతృప్తికరంగా ఉంది’ అన్న చోట మీరు సంతకం చేశారు. లక్షలు పోసి కొన్న వస్తువు విషయంలో చదవకుండా సంతకం పెట్టడం ఏమి పద్ధతి? అవతలి న్యాయవాది మొదట చూపించేది ఆ సంతకాన్నే. ఆ తరువాతి నెలల్లో మీరు సర్వీసు అడ్వైజర్‌కు కుదుపు తగ్గలేదని పంపిన వాట్సాప్ సందేశాలు ఉన్నాయన్నారు కనుక, వాటితోనే ఆ సంతకానికి జవాబు చెప్పాలి. సందేశాలను చెరపవద్దు, ఫోను మార్చవద్దు. ప్రింట్లతోపాటు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి అవసరమైన ధ్రువపత్రాన్ని భారతీయ సాక్ష్య అధినియమం 63(4) సెక్షన్ ప్రకారం జతచేయాలి.

2021లో రెండు సర్వీసులు బయటి మెకానిక్ దగ్గర చేయించానని మీరు ఉత్తరం చివర ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. కంపెనీ మాత్రం దాన్ని వదలదు. ఏ ఆయిల్ పోశారో తెలిపే బిల్లులు వెతికి పెట్టుకోండి, ఆ విషయాన్ని ఫిర్యాదులో మీరే ముందుగా చెప్పండి.

ఇక కాలపరిమితి. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్యకారణం (కేసు వేయడానికి దారితీసిన సంఘటన) ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. మన లెక్కలో ఆ రోజు వారు నిరాకరించిన 2024 జూన్ 10. మీరు ఈ ఉత్తరం రాసేనాటికే ఏడాదిన్నర గడిచిపోయింది. ఉత్తరం రాసినప్పుడల్లా గడువు మళ్లీ మొదటినుంచి మొదలవుతుందని మీరు అనుకుంటున్నట్టుంది. వంద ఉత్తరాలు రాసినా, లాయర్ నోటీసు ఇచ్చినా, హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా గడువు ఒక్కరోజు కూడా పెరగదు. ఎదుటివారు ఈ అభ్యంతరం లేవనెత్తకపోయినా కాలపరిమితిని కమిషన్ తనంత తానే చూడాలని పాత వినియోగదారుల చట్టం కింద 2009లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అవతలివారు మరో అడుగు ముందుకు వేసి, లోపం సరిచేయని 2023 జూలై నుంచే లెక్కించాలని వాదించే వీలుంది. అందుచేత నెలలోపు ఫిర్యాదు దాఖలు చేయండి, ముందుజాగ్రత్తగా ఆలస్యాన్ని మన్నించమని 69(2) కింద దరఖాస్తు కూడా జతపరచండి.

కొత్త కారు ఆశ మానుకోండి. ఐదున్నరేళ్లకు పైగా నడిచిన కారుకు బదులు కొత్తది ఇమ్మని ఏ కమిషన్ అయినా ఆదేశిస్తుందని నేను అనుకోను. భాగం మార్చి సరిచేయడమే వారంటీ షరతు అయినప్పుడు కారునే మార్చమనడం కుదరదని 2006లోనే సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చింది. గేర్‌బాక్స్‌ను ఉచితంగా మార్చడం లేదా దాని ఖర్చు, కారు లేని కాలంలో బిల్లులతో చూపగలిగిన ప్రయాణ ఖర్చులు, మానసిక వేదనకు కొంత పరిహారం, కేసు ఖర్చులు అడగండి.

2023 నాటి కుదుపే 2024లో గేర్‌బాక్స్ పాడవడానికి దారితీసిందని నిరూపించే భారం మీదే కనుక, గేర్‌బాక్స్‌ను ఎవరిచేతా విప్పించకండి. ఇంటిముందు బండి పడి ఉండటం కష్టమే, కానీ విప్పిన మరుక్షణం ‘మీ మెకానిక్కే పాడుచేశాడు’ అన్న వాదన పుడుతుంది. ఫిర్యాదుతోపాటే వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద నిపుణుడిచేత పరీక్ష చేయించమని దరఖాస్తు పెట్టండి. దానికయ్యే ఫీజు ముందుగా మీరే కట్టవలసి రావచ్చు. వారి కంప్యూటర్‌లో మీ చాసిస్ నంబరు మీద ఉన్న పూర్తి సర్వీసు చరిత్రను ఈరోజే ఈమెయిల్‌లో అడగండి. ఇవ్వకపోతే తెప్పించమని కమిషన్‌ను కోరవచ్చు. మీరు నోటితో చెప్పిన ఫిర్యాదుల్లో ఒకటో రెండో అక్కడ నమోదై ఉంటే అది మీ అదృష్టం.

ఫిర్యాదు మీరు నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే వేయవచ్చు. అధికార పరిధిని మీరు చెల్లించిన ధరను బట్టి చూస్తారు కనుక యాభై లక్షల లోపు కావడంతో జిల్లా కమిషన్ సరిపోతుంది, తొమ్మిది లక్షలకు ఫీజు 200 రూపాయలు. డీలరును, తయారీదారును ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. పొడిగింపు వారంటీ పత్రం మీద కొన్నిసార్లు వేరే సంస్థ పేరు ఉంటుంది, మీ పత్రం తీసి చూసి అలా ఉంటే దానినీ చేర్చండి. కారును ఎప్పుడైనా అద్దెకు తిప్పి ఉంటే మాత్రం అదే చట్టం 2(7) సెక్షన్ కింద మీరు వినియోగదారే కాదన్న అభ్యంతరం వస్తుంది. అలాంటిదేదైనా ఉంటే ఫిర్యాదు రాయించే ముందే మీ న్యాయవాదికి దాచకుండా చెప్పండి.