అడ్వాన్సు ఆపండి, ముందు మెడికల్ చేయించండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఎయిర్‌లైన్ పైలట్ అవుతానని పట్టుబట్టి కూర్చుంది. ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఇప్పుడే 5 లక్షలు అడ్వాన్సు కడితే ఫ్లయింగ్ స్కూల్లో సీటు ఖాయమంటున్నారు. మిగతా ఖర్చుకు ఇల్లు తాకట్టు పెట్టాల్సి వస్తుంది. పైగా తనకు కళ్లజోడు ఉంది. దిగమంటారా, వద్దంటారా?

జవాబు: దిగొద్దని అననండి. ఆ అడ్వాన్సు మాత్రం ఇప్పుడు కట్టకండి. ఈ దారిలో తప్పు జరిగేదల్లా వరస దగ్గరే. ముందు లక్షలు కట్టేసి, తర్వాత మెడికల్‌కు వెళ్లి, అక్కడ ‘అన్‌ఫిట్’ అని కాగితం పట్టుకుని ఏడ్చిన కుటుంబాలను నేను చూశాను. తక్కువ ఖర్చుతో తేలిపోయే సంగతులు ముందు తేల్చుకోవాలి. పెద్ద ఖర్చు ఆఖర్న.

మొదటిది క్లాస్ 2 మెడికల్, అంటే పైలట్ శిక్షణకు ముందు చేయించే తొలి ఆరోగ్య పరీక్ష. దేశంలో పైలట్ లైసెన్సులు ఇచ్చే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ గుర్తించిన డాక్టర్ల జాబితా ఉంటుంది, వాళ్ల దగ్గరే చేయించాలి. కంటిచూపు, వినికిడి, ఈసీజీ, రక్తపరీక్షలు చూస్తారు. ఆ తర్వాత అసలైనది క్లాస్ 1. కమర్షియల్ లైసెన్సు దీని మీదే ఆధారపడుతుంది, ఉద్యోగంలో ఉన్నంతకాలం దీన్ని మళ్లీ మళ్లీ నెగ్గుతూనే ఉండాలి. కళ్లజోడు గురించి దిగులు పెట్టుకోకండి. అద్దాలతో చూపు సరిగ్గా ఉంటే సాధారణంగా అది అడ్డు కాదు. రంగులు గుర్తుపట్టడంలో లోపం ఉంటే మాత్రం దారి మూసుకుపోవచ్చు. అందుకే మీకు దగ్గర్లోని కంటి డాక్టర్ దగ్గర చుక్కల పటంతో ఆ పరీక్ష ముందే చేయించండి, పది నిమిషాల పని. హిమోగ్లోబిన్ తక్కువగా ఉండటం, బరువు ఎక్కువగా ఉండటం లాంటివి సాధారణంగా ‘టెంపరరీ అన్‌ఫిట్’ కిందికి వస్తాయి. సరిచేసుకుని మళ్లీ వెళ్లొచ్చు. క్లాస్ 1 చేతికొచ్చేదాకా ఏ స్కూలుకూ రూపాయి కట్టకండి. ఈ ఒక్కమాట మీద నేను కాస్త మొండిగానే ఉంటాను.

రెండోది థియరీ. ఎయిర్ నావిగేషన్, మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ జనరల్, టెక్నికల్ స్పెసిఫిక్. ఒక్కో పేపర్లో 70 శాతం రావాలి. రేడియోలో మాట్లాడే ఆర్‌టీఆర్ పరీక్ష వేరే. అమ్మాయి ఎంపీసీ చదువుతోంది కాబట్టి ఒక ఉదాహరణ చెబుతాను, తనకు చూపించండి. 100 నాట్ల (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) వేగంతో నేరుగా ఉత్తరానికి ముక్కు పెట్టి వెళ్తున్న విమానానికి పడమటి నుంచి 20 నాట్ల గాలి తగులుతుంటే, గంట తర్వాత అది అనుకున్న గీతకు 20 నాటికల్ మైళ్లు తూర్పున ఉంటుంది. దారి దాదాపు 11 డిగ్రీలు జరిగిపోయింది. ముక్కును ఎటు ఎంత తిప్పితే దారి నేరుగా ఉంటుందో లెక్కగట్టడమే నావిగేషన్‌లో పెద్ద భాగం. తను చదువుతున్న వెక్టర్లే ఇవి. ఈ లెక్క చేస్తున్నప్పుడు తన మొహం వెలిగితే మంచి గుర్తు. విసుగొస్తే, తనకు నచ్చింది పైలట్ పనా, యూనిఫామా అని తీరిగ్గా కూర్చుని మాట్లాడండి.

ఇక ఫ్లయింగ్. కమర్షియల్ లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి, 200 గంటలు ఎగిరి ఉండాలి. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత పూర్తిగా తన మీదే ఉండగా. ఆ వందలో 15 గంటలు దరఖాస్తుకు ముందటి 6 నెలల్లో ఎగిరినవి కావాలి. ఈ చివరి నిబంధనే తల్లిదండ్రుల జేబుకు చిల్లు పెడుతుంది. విమానాలు మరమ్మతులో ఉండి, ఇన్‌స్ట్రక్టర్లు చాలక శిక్షణ సాగితే, పాత గంటలు చెల్లక మళ్లీ డబ్బు కట్టి ఎగరాలి. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు ఫీజంతా ఒకేసారి కట్టాడు. ఏడాదిన్నరలో అయిపోతుందన్నది మూడేళ్లు పట్టింది. అందుకే స్కూలుకు మీరే స్వయంగా వెళ్లండి. ఎన్ని విమానాలున్నాయని కాదు, ఈరోజు ఎగిరే స్థితిలో ఎన్ని ఉన్నాయని అడగండి. ఆఫీసులో కాదు, విమానాలు నిలిపే షెడ్డు, అదే హ్యాంగర్, దగ్గర నిలబడ్డ విద్యార్థులను అడగండి, నెలకు ఎన్ని గంటలు దొరుకుతున్నాయని. ఫీజు వాయిదాల్లో, ఎగిరిన గంటల లెక్కన తీసుకునేచోటే చేర్చండి. ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఉన్న ప్రభుత్వ సంస్థ ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీకి ప్రవేశ పరీక్ష ఉంటుంది. అది తప్పకుండా రాయించండి. పరీక్ష పెట్టి తీసుకునేచోట కన్సల్టెన్సీకి సీటు అమ్మే వీలుండదు. విదేశాల్లో శిక్షణ త్వరగా అవుతుంది, నిజమే. తిరిగొచ్చాక లైసెన్సును ఇక్కడికి మార్చుకోవడానికి మళ్లీ పరీక్షలు, మళ్లీ సమయం.

మీ ఉత్తరంలో లేని ప్రశ్న ఒకటుంది, ఇల్లు తాకట్టు పెట్టే ముందు దానికి జవాబు వెతకాలి. లైసెన్సు వచ్చాక ఉద్యోగం ఎప్పుడు? 200 గంటల లైసెన్సుతో ఏ ఎయిర్‌లైన్ కూడా నేరుగా కాక్‌పిట్‌లో కూర్చోబెట్టదు. ఎయిర్‌బస్ 320 లాంటి ఒక విమానం మీద టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానం నడిపే ప్రత్యేక శిక్షణ, చేయాలి, దాని ఖర్చు మళ్లీ లక్షల్లోనే. అదంతా కలిపితే కోటి దాకా పోవడం మామూలే. ఆపైన రాతపరీక్ష, సిమ్యులేటర్ (నేల మీదే విమానం నడిపినట్టు ఉండే యంత్రం) మీద పరీక్ష, ఇంటర్వ్యూ. నియామకాలు అలల్లా వస్తాయి. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయినప్పుడు అనుభవమున్న పైలట్లు ఒక్కసారిగా ఉద్యోగాల వేటలో పడ్డారు. కొత్తవాళ్లు ఆ వరస వెనక నిలబడ్డారు. అందుకని చేతిలో ఆఫర్ లేకుండా సొంత డబ్బుతో టైప్ రేటింగ్ చేయించొద్దని నా సలహా. ఎయిర్‌లైన్లే ముందు ఎంపిక చేసి శిక్షణకు పంపే కేడెట్ ప్రోగ్రాములు ఉన్నాయి. ఖర్చు ఎక్కువే అయినా ఏ విమానం, ఏ సంస్థ అన్నది తెలిసి దిగుతారు. ఆ ఒప్పందంలో ఉద్యోగం ఏ షరతుల మీద ఇస్తారన్న పేరా మాత్రం లాయరుతో చదివించండి.

బ్యాంకుకు వెళ్లే ముందు ఇంట్లో ఒక లెక్క వేయండి. లైసెన్సు వచ్చాక రెండేళ్లు జీతం రాకపోయినా వాయిదాలు కట్టగలరా? కట్టగలిగితే ధైర్యంగా దిగండి. కష్టమైతే, ఇంటిని తాకట్టులోకి లాగకుండా అమ్మాయిని డిగ్రీలో చేర్చి, ఈలోగా మెడికల్, థియరీ పేపర్లు పూర్తి చేయించండి. ఆలస్యమైందని బెంగపడాల్సిన పనిలేదు. ఎయిర్‌లైన్ పైలట్లు 65 ఏళ్ల దాకా ఎగరొచ్చు, రెండేళ్లు ఆగినంత మాత్రాన ఏ సీటూ చేజారదు. కెప్టెన్‌కు కావాల్సిన ఏటీపీఎల్ లైసెన్సుకే 1500 గంటలు, 21 ఏళ్లు నిండాలి. అది ఎలాగూ నిదానంగా నడిచే ప్రయాణం.

బంధువులు ‘ఆడపిల్లకు విమానమేంటి’ అంటున్నారేమో, మీరు రాయలేదు గానీ నాకు వినిపిస్తోంది. మహిళా పైలట్ల నిష్పత్తిలో మన దేశం ప్రపంచ సగటు కంటే చాలా ముందుంది. ఆ సంగతి వాళ్లకు చెప్పండి.

ఈ వారంలో కన్సల్టెన్సీకి ఫోన్ చేసి ‘క్లాస్ 1 వచ్చాక మాట్లాడదాం’ అనండి. సీటు పోతుందని తొందరపెడితే పోనివ్వండి. వచ్చే వారం క్లాస్ 2కు అపాయింట్‌మెంట్ తీసుకోండి. రిపోర్టు వచ్చాక నాకు మళ్లీ రాయండి, స్కూలు ఎంపిక అప్పుడు చూద్దాం.