ఏడు కోట్లు అనాలా, ఏడు కోట్ల అనాలా?

సందేహం: మా అబ్బాయి క్విజ్ కోసం 73939133 అనే ప్రధాన సంఖ్యను అక్షరాల్లో ఇలా రాసుకున్నాడు: ‘ఏడు కోట్లు ముప్పై తొమ్మిది లక్షలు ముప్పై తొమ్మిది వేలు వంద ముప్పై మూడు’. చదువుతుంటే ఎబ్బెట్టుగా ఉంది. తప్పెక్కడుంది? దీన్ని పెద్ద అంకె అనాలా, పెద్ద సంఖ్య అనాలా?

సమాధానం: మీ చెవి సరిగ్గానే పట్టింది. ‘ఏడు కోట్లు’ అనగానే మాట పూర్తయిపోతుంది. తర్వాత ఇంకా ఏదో ఉందంటే ‘లు’ కాస్తా ‘ల’ అవుతుంది. ఊళ్లు, ఊళ్ల పేర్లు అన్నట్టే ఇదీను. కాబట్టి ‘ఏడు కోట్ల ముప్పై తొమ్మిది లక్షల ముప్పై తొమ్మిది వేల నూట ముప్పై మూడు’. కోటి, లక్ష ఒక్కటే ఉంటే దీర్ఘం తీస్తాం: కోటీ యాభై లక్షలు, లక్షా పదివేలు. ఇక వంద సంగతి. చదివింపుల్లో నూట పదహార్లు అంటాం, వంద పదహార్లు అని ఎవరూ అనరు. ఈమధ్య టీవీల్లో ‘వంద ముప్పై’ వినిపిస్తోంది గాని, నా మటుకు నాకు అది తెలుగనిపించదు.

మామూలు మాటల్లో ‘లక్షంటే చిన్న అంకె కాదు’ అంటాం, తప్పేం లేదు. లెక్కల్లో మాత్రం 0 నుంచి 9 దాకా అంకెలు, వాటితో రాసేది సంఖ్య. ఇక్కడ ఆ తేడా పాటించకపోతే అసలు విశేషమే అర్థం కాదు. ఈ సంఖ్యకు కుడివైపు నుంచి ఒక్కో అంకె తీసేస్తూ పొండి: 7393913, 739391, 73939, 7393, 739, 73, 7. అన్నీ ప్రధాన సంఖ్యలే. మన దశాంశ పద్ధతిలో ఇలాంటివి మొత్తం 83 ఉన్నాయి, వాటిలో ఇదే అన్నిటికన్నా పెద్దది. మొదటి అంకె తర్వాత ఎక్కడ సరి అంకె గాని 5 గాని వచ్చినా అక్కడికి ఆట కట్టు. అందుకే దీంట్లో 1, 3, 7, 9 తప్ప ఇంకో అంకె కనిపించదు.

చివర మరో అంకె చేర్చి ఇంకా పెంచొచ్చుగా అంటారేమో. ఇందులో అంకెల మొత్తం 38. 1 చేరిస్తే 39, 7 చేరిస్తే 45. రెండూ 3తో భాగింపబడతాయి కాబట్టి ఆ సంఖ్యలూ భాగింపబడతాయి. 3, 9 చేర్చినా ప్రధాన సంఖ్య రాదు గాని, అది అంత తేలిగ్గా తేలదు.

మన పద్ధతిలో కామాలు పెడితే 7,39,39,133. ముప్పై తొమ్మిది రెండుసార్లు పలుకుతుంది. మిలియన్ల పద్ధతిలో 73,939,133 అని రాస్తే ఆ జంట కనబడదు. అయితే ఒక చిక్కుంది. ఒక్క అంకె తీయగానే పేరంతా మారిపోయి ‘డెబ్బై మూడు లక్షల తొంభై మూడు వేల తొమ్మిది వందల పదమూడు’ అవుతుంది. వినేవాళ్లకు రెండింటికీ సంబంధమే తోచదు. క్విజ్‌లో మీ అబ్బాయి ఈ విశేషం చెప్పాలంటే మొదట ఒకసారి కోట్లలో చదివి, ఆ తర్వాత ఏడు, మూడు, తొమ్మిది అంటూ అంకెల వారీగా చదవడమే మేలు.