పరీక్షలో ‘తేలింది’ అనాలా, ‘బహిర్గతమైంది’ అనాలా?

సందేహం: తిరుపతిలో జీవశాస్త్రం చెప్పే టీచర్‌ని. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బు గురించి చెబుతూ ‘రక్తపరీక్షలో అంతర్గత జన్యువు బహిర్గతమవుతుంది’ అన్నాను. ‘అయితే ఇంక అది బహిర్గత జన్యువే గదా సార్?’ అని ఒక అమ్మాయి అడిగింది. అసలు లోపల ఉండని జన్యువు ఏది? ‘అంతర్గత’ అనడమే తప్పా?

సమాధానం: ఆ అమ్మాయికి నా అభినందనలు చెప్పండి. మాట తప్పు కాదు, మీ వాక్యమే మార్చుకోవాలి.

‘గత’ అంటే పోయిన. లోపలికి పోయినది అంతర్గతం, ఇంగ్లీషులో రిసెసివ్. అలాంటి లక్షణం సంకర మొక్కల్లో వెనక్కి తగ్గుతుంది లేదా పూర్తిగా మాయమవుతుంది, వాటి సంతానంలో మార్పు లేకుండా మళ్లీ కనిపిస్తుంది, అందుకే ఆ పేరు పెట్టానని జన్యుశాస్త్రానికి పునాది వేసిన మెండెల్ 1866 నాటి బఠానీ వ్యాసంలో తనే చెప్పాడు. అంటే పేరు లక్షణానిది. ‘అంతర్గత లక్షణానికి కారణమైన జన్యువు’లో నడిమి మాటలు జారిపోయి ‘అంతర్గత జన్యువు’ మిగిలింది. శాకప్రియుడైన పార్థివుడు, అంటే రాజు, శాకపార్థివుడైనట్టే ఇదీ.

‘రహస్యం బహిర్గతమైంది’ అన్నప్పటి అర్థం వేరు, పాఠంలోని ‘బహిర్గత’ (సంకరంలోనూ పైకి కనిపించే లక్షణం) వేరు. రెంటినీ ఒకే వాక్యంలో పెడితే పిల్లలు తికమకపడతారు. ‘అంతర్గత జన్యువు ఉన్నట్టు పరీక్షలో తేలింది’ అనండి. ‘తేలింది’ మన ఇళ్లలో రోజూ వినపడే మాటే.

అయినా ఆ అమ్మాయి మాటలో సగం నిజముంది. సికిల్ సెల్ రోగుల హిమోగ్లోబిన్ విద్యుత్ క్షేత్రంలో మామూలు దానికన్నా వేరే వేగంతో కదులుతుందని 1949లో అమెరికా రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ బృందం చూపించింది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే ఆ జన్యువు వచ్చినవాళ్ల రక్తంలో రెండు రకాలూ కనిపించాయి. జబ్బుగా చూస్తే అంతర్గతమే. హిమోగ్లోబిన్‌గా చూస్తే రెండూ బయటే ఉన్నాయి, దాన్ని సహబహిర్గతత్వం అంటారు. ఒకే జన్యువుకు రెండు పేర్లూ చెల్లుతున్నాయంటే, ఆ విశేషణం లక్షణానిదేనని ఇంకా గట్టిగా తెలుస్తుంది.

మీరు అడగకపోయినా ఇంకొక్క మాట. అలా ఆ జన్యువు ఒక్కటే ఉండి జబ్బు లేనివాళ్లను ‘రోగవాహకులు’ అనకండి. మలేరియాకు దోమ వాహకమని చదివిన పిల్లలు ఇదీ అంటుకుంటుందని అనుకుంటారు, పెళ్లి సంబంధాల దాకా ఆ భయం పోతుంది. ‘జన్యువాహకులు’ నయం. ఇంట్లో పెద్దవాళ్లకైతే ‘ఆ జన్యువు ఒకటి లోపల ఉండాది, జబ్బు మాత్రం లేదు’ అని చెప్పండి. మన చిత్తూరు పక్క అది అందరికీ అర్థమవుతుంది.